అరవై దాటాక ఆసక్తులు ఎండిపోకుండా చూసుకోవడం ఎలా? బెంగళూరులో ఉంటున్న తెలుగు పెద్దల కోసం

మా అపార్ట్‌మెంట్‌లో సాయంత్రం ఐదున్నరకు కింద బెంచీల దగ్గర చేరే పదిమందిలో ఎనిమిది మంది తెలుగువాళ్లే. గుంటూరు, నెల్లూరు, కర్నూలు, ఖమ్మం. పిల్లల ఉద్యోగాల కోసమో, మనవలను చూసుకోవడానికో సొంత ఇంటికి తాళం వేసి వచ్చినవాళ్లు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ నెల తిరిగేసరికి నన్ను ఒకే మాట అడుగుతారు: "మీకెప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది కదండీ. మాకు పొద్దు గడవడం లేదు. దేనిమీదా మనసు పోవడం లేదు. మీరెలా చేస్తున్నారు?" విడివిడిగా చెబుతూ వచ్చాను. అందరికీ కలిపి రాసి పెడితే మేలనిపించింది.

నేను మదనపల్లె నుంచి 1988లో ఇక్కడికి వచ్చాను. రిటైరై ఆరేళ్లయింది. మొదటి ఏడాది నా పరిస్థితీ ఇంతే. కింద రాసినవి నేను చేసి చూసినవి, లేకపోతే నా పక్కవాళ్లు చేస్తుంటే దగ్గరుండి చూసినవి.

ఒక మాట ముందే చెప్పాలి. ఆసక్తి కలిగాక మొదలుపెడదామని కూర్చుంటే అది కలగదు. చిన్న ప్రశ్న ఒకటి పట్టుకుని, దాని జవాబు కోసం మీరే లేచి వెళ్లి చూస్తే, దాని వెనకాలే ఆసక్తి వస్తుంది. అందుకే ఇందులో ఎక్కువ భాగం ఆ ప్రశ్నను పట్టుకోవడం గురించే ఉంటుంది.

కావలసినవి

- 200 పేజీల రూళ్ల నోటుబుక్కు. ఫోన్‌లో రాసుకోవచ్చు కానీ, ఫోన్ తెరవగానే వాట్సాప్ లాగేస్తుంది.
- నోటుబుక్కుకే దారంతో కట్టిన పెన్ను. పెన్ను వెతుక్కునే లోపల ప్రశ్న మర్చిపోతాం.
- ఇప్పటి పవర్‌తో ఉన్న దగ్గరచూపు కళ్లద్దాలు.
- అడుగున పట్టు ఉన్న బూట్లు. బెంగళూరు ఫుట్‌పాత్‌ల మీద హవాయి చెప్పులతో నడవొద్దు, రాళ్లు ఎక్కడ పైకి లేచి ఉంటాయో తెలియదు.
- ఆధార్ కార్డు. శక్తి పథకం కింద 2023 జూన్ నుంచి ఆడవాళ్లకు మామూలు సిటీ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టే పని లేదు, కానీ కార్డులో కర్ణాటక చిరునామా ఉండాలి. ఆంధ్ర, తెలంగాణ చిరునామా ఉంటే టికెట్ కొనుక్కోవాలి. చాలామంది కండక్టర్‌తో వాదన పెట్టుకునేది ఇక్కడే.
- రోజుకు నలభై నిమిషాలు. మనవడు స్కూలుకు వెళ్లాక అయితే మంచిది.

ఖర్చు మొదటి మూడు నెలల్లో ఐదువందలు దాటనివ్వొద్దు. కారణం తప్పుల దగ్గర చెబుతాను.

మొదలుపెట్టే ముందు కళ్లు, చెవులు, మనసు చూపించుకోండి

దీన్ని దాటేసి ముందుకు వెళ్లకండి. మా బెంచీ మీద నెల్లూరు ఆవిడ ఒకరు "ఇదివరకు రోజుకో వారపత్రిక చదివేదాన్ని, ఇప్పుడు చదువు మీదే విరక్తి వచ్చింది" అనేవారు. తీరా చూస్తే రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ అయిన నెలకు ఆవిడ మళ్లీ పుస్తకం పట్టుకున్నారు. పోయింది చూపు, ఆవిడేమో ఆసక్తి పోయిందనుకున్నారు. వినికిడి కూడా అంతే. నలుగురిలో మాటలు సరిగ్గా వినపడకపోతే మనిషి మెల్లగా నలుగురిలోకి వెళ్లడమే మానేస్తాడు.

మనసు సంగతి. ఇష్టమైన తిండి, ఇష్టమైన మనుషులు, ఏదీ బాగుండకపోవడం, నిద్ర చెడిపోవడం రెండు వారాలకు మించి ఉంటే అది బద్ధకం కాదు, వయసు కూడా కాదు. డాక్టరుకు చూపించుకోవాల్సిన విషయం. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి ఉచితంగా మాట్లాడవచ్చు. ఆ స్థితిలో ఉన్నవాళ్లు ఈ పద్ధతులను తర్వాత మొదలుపెట్టుకోవచ్చు, ముందు వైద్యం.

1. పాత ఇష్టాలన్నీ ఒక పేజీలో రాయండి

చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లల మధ్య ఎక్కడో వదిలేసినవన్నీ. స్టాంపులు, అగ్గిపెట్టెల బొమ్మలు, సిలోన్ రేడియో, ముగ్గులు, హరికథలు, మొక్కలకు అంట్లు కట్టడం, గడియారం విప్పి చూడటం. అరగంట చాలు.

తర్వాత ప్రతిదాని పక్కనా అందులో మీకు సరిగ్గా ఏది నచ్చేదో రాయండి. నేను స్టాంపులని రాసి చాలాసేపు ఆలోచించాను. స్టాంపుల మీద నాకు పెద్ద ప్రేమేమీ లేదు. మాగ్యార్ పోస్టా అని ఉంటే అది ఏ దేశమో (హంగరీ), ఎక్కడుందో అట్లాసులో వెతకడం ఇష్టం. అంటే నా ఇష్టం పటాలు. ఆ సంగతి యాభై ఏళ్ల తర్వాత తెలిసింది. ఇప్పుడు స్టాంపులు కొనాల్సిన పని లేదు, మా వీధి పటం గీస్తే చాలు.

గుర్తుంచుకోండి, ఇది పోయిన రోజులను తలుచుకుని బాధపడటానికి కాదు. "అప్పుడే నేర్చుకుని ఉంటే" అన్న వాక్యం మొదలైతే పెన్ను పక్కన పెట్టి కాసేపు నడిచి రండి.

2. రోజుకు ఒక ప్రశ్న రాయండి

అన్నిటికీ ఇదే పునాది. ప్రశ్నకు మూడు షరతులు: ఆ రోజు మీరు కళ్లారా చూసిన దాని నుంచి పుట్టాలి. రెండు వారాల్లో మీరే సరిచూసుకోగలిగేది కావాలి. ప్రశ్న కిందే మీ అంచనా ఒక వాక్యంలో రాయాలి, గూగుల్‌నో మనవడినో అడగకముందే.

"ఖగోళశాస్త్రం నేర్చుకోవాలి" అని రాస్తే అది ప్రశ్న కాదు, సంకల్పం. వారంలో పోతుంది. "డిసెంబరులో మా బాల్కనీ ఎండ సోఫా దాకా వస్తోంది, ఏప్రిల్‌లో గడప కూడా దాటలేదు, ఎందుకు?" అని రాస్తే అది ప్రశ్న.

ఆ ప్రశ్న నన్ను ఎక్కడికి తీసుకెళ్లిందో చెబుతాను. డిసెంబరులో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు, అందుకే ఎండ లోపలికొస్తుంది. ఏప్రిల్‌కి నెత్తిమీదికి వస్తాడు. బెంగళూరు భూమధ్యరేఖకు ఉత్తరంగా 13 డిగ్రీల దగ్గర ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఒకసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ కాసేపు నిటారుగా నిలబెట్టిన వస్తువుకు పక్కన నీడ పడదు. నేను ఖాళీ అగరబత్తీల గొట్టాన్ని మేడ మీద నిలబెట్టి, పన్నెండుంపావు నుంచి రెండు నిమిషాలకోసారి నీడ చివర సుద్దముక్కతో గీత పెట్టాను. నీడ కుంచించుకుంటూ వచ్చి గొట్టం కిందకు దూరిపోయింది. మళ్లీ రెండో వైపు నుంచి బయటికొచ్చింది. పక్కింటి పిల్లలిద్దరు ఎండలో చెప్పుల్లేకుండా నిలబడి చూశారు. హైదరాబాద్‌లో ఇదే మే 9 ప్రాంతంలో వస్తుంది, ఏ ఊరి అక్షాంశాన్ని బట్టి ఆ ఊరికి. సూర్యుణ్ణి నేరుగా చూడకండి, నీడను మాత్రమే చూడండి. టోపీ పెట్టుకుని, నీళ్లు తాగి వెళ్లండి.

ఎండలోకి వెళ్లలేనివాళ్లకు వంటింటి ప్రశ్న. కుక్కర్ లేకుండా గిన్నెలో వండితే బెంగళూరులో కందిపప్పు ఎందుకు ఆలస్యంగా ఉడుకుతుంది? ఇక్కడి నీళ్లనీ, కావేరి నీళ్లనీ, బోరు నీళ్లనీ అంటారు. నా అంచనా కూడా అదే. నెల్లూరులో ఉన్న మా చెల్లెలూ నేనూ ఒకే కంపెనీ పప్పు, ఒకే కొలత, ఇద్దరం క్యాన్ నీళ్లతోనే గిన్నెలో పెట్టి ఫోన్‌లో టైము చూసుకున్నాం. నాకు పది నిమిషాల పైనే ఎక్కువ పట్టింది. నీళ్లు ఒకే రకం అయినా తేడా పోలేదు. కారణం ఎత్తు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, గాలి ఒత్తిడి తక్కువ, అందుకని నీళ్లు వంద డిగ్రీలకు కాదు, 97 దగ్గరే మరుగుతాయి. ఉప్పు నీళ్ల వల్లా పప్పు ఆలస్యం అవుతుంది, అది వేరే ప్రశ్న, దాన్ని వేరే రోజు చూడొచ్చు. జ్వరం చూసే థర్మామీటరును మాత్రం మరిగే నీళ్లలో పెట్టకండి, పగిలిపోతుంది.

మొదటి వారంలో ప్రశ్నలు రావు. ఇది అందరికీ జరిగేదే. అప్పుడు కిటికీ దగ్గర పది నిమిషాలు కూర్చుని, కనిపించిన ఐదు వస్తువులు రాసి, ఒక్కోదానికి "ఎప్పటి నుంచి?", "ఎందుకు ఇక్కడే?" అని రెండు మాటలు తగిలించండి. ఎదురింటి నిద్రగన్నేరు ఆకులు సాయంత్రం ముడుచుకుంటాయి. ఎన్నింటికి? వాన మబ్బు పట్టిన మధ్యాహ్నం కూడా ముడుచుకుంటాయా? నేను జవాబు చెప్పను, చూడండి.

3. మూడు రకాలు ఎంచుకోండి, ఒకే రకం మూడు వద్దు

నెల రోజుల ప్రశ్నలు తిరగేస్తే మీ మనసు ఎటు పోతోందో తెలుస్తుంది. అందులోంచి కాళ్లతో చేసేది ఒకటి, చేతులతో చేసేది ఒకటి, చెవులతోనో నోటితోనో చేసేది ఒకటి తీసుకోండి. మోకాళ్లు నొప్పి పెట్టిన నెలలో చేతుల పని నడుస్తుంది. కళ్లు అలిసిన రోజు చెవుల పని నడుస్తుంది. నడక, చెట్లు, పక్షులు మూడూ తీసుకుంటే కాలు బెణికిన రోజున మూడూ ఒకేసారి ఆగిపోతాయి.

ఇంట్లోంచి బయటికి రాలేనివాళ్లకు చేతుల పని ఒకటి చెబుతాను. తెలుగు వికీసోర్స్‌లో పాత తెలుగు పుస్తకాల పేజీల బొమ్మలు చూసి, పక్కన ఉన్న టైపులో తప్పులు దిద్దవచ్చు. రోజుకు ఒక పేజీ. ఎవరూ తొందర పెట్టరు. వందేళ్ల కిందటి అచ్చులో అక్షరాలు ఎలా ఉండేవో చూస్తూ ఉంటే అదే ఒక చదువు.

4. నమూనాగా ఒకటి పూర్తిగా: పద్నాలుగు రోజుల్లో కన్నడ బోర్డులు చదవడం

ఏది మొదలుపెట్టాలో తేలనివాళ్లందరికీ నేను ఇదే చెబుతాను. తెలుగు చదవడం వచ్చినవాళ్లకు ఇందులో సగం పని ముందే అయిపోయి ఉంది. రెండు భాషలకూ కొన్ని శతాబ్దాలపాటు లిపి ఒక్కటే.

మొదటి మూడు రోజులు బోర్డుల ఫోటోలు తీయండి. కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ పేరున్న బస్‌స్టాపు, మెట్రో బోర్డులైతే మంచిది. మన తలకట్టు టిక్కు గుర్తులా ఉంటుంది, వాళ్లది అడ్డగీత గీసి చివర మెలి తిప్పినట్టు ఉంటుంది. ఆ ఒక్క తేడా కంటికి అలవాటైతే ర, ద, గ, ల లాంటి అక్షరాలు వాటంతటవే కనబడతాయి. క, త, శ లాంటి కొన్ని మాత్రం వేరు, వాటిని విడిగా రాసి నేర్చుకోవాలి.

నాలుగు నుంచి ఏడో రోజు దాకా గుణింతాలు. మన కీ, కే లలో దీర్ఘం అక్షరం నెత్తిన పడుతుంది. వాళ్లది అక్షరం అయిపోయాక కుడిపక్కన విడిగా వస్తుంది. ఇంకో ముఖ్యమైనది: "కర్ణాటక", "మార్గ" అన్న మాటల్లో ర కనిపించదు, తర్వాతి అక్షరం పక్కన చిన్న గుర్తు ఉంటుంది. అది మన వలపలగిలకే! మన తాతల పుస్తకాల్లో ఉండేది, మనం అచ్చులో వదిలేశాం, వాళ్లు అర్కావొత్తు అని పిలిచి ఇప్పటికీ వాడుతున్నారు.

ఎనిమిదో రోజు నుంచి మాటలు. వెయ్యేళ్ల కిందట కన్నడంలో మాట మొదట ఉన్న ప మెల్లగా హ అయింది. కాబట్టి హ తో మొదలయ్యే అచ్చ కన్నడ మాట కనబడితే హ తీసి ప పెట్టి చూడండి. హాలు అంటే పాలు. హులి అంటే పులి. హావు అంటే పాము. హణ్ణు అంటే పండు. హొగె అంటే పొగ. మా కర్నూలు పెద్దాయన, నేను ఒకరోజు బస్సు కోసం నిలబడి ఉంటే, ఆయన బస్సు బోర్డు మీద వేలు గాల్లో ఆడిస్తూ "మా... ర... త..." అని కూడబలుక్కుంటూ వచ్చి చివరి అక్షరాల దగ్గర ఆగిపోయారు. "హళ్ళి. హ తీసేస్తే పళ్ళి. అంటే ఇది మన పల్లే కదండీ!" అన్నారు. రెండేళ్లుగా మారతహళ్ళిలో ఉంటున్న మనిషి. ఆ రోజు బస్సు వదిలేసి రోడ్డు పొడుగునా బోర్డులు చదువుకుంటూ ఇంటికి వెళ్లాం.

రెండో సూత్రం: కన్నడంలో కి, కె అని ఉన్నచోట మనకు చి, చె వస్తుంది. కివి అంటే చెవి. కెరె అంటే చెరువు. బన్నేరుఘట్ట రోడ్డు మీద అరకెరె అన్న పేరు చదివితే ఒకప్పుడు అక్కడ నీళ్లు ఎక్కడుండేవో ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నను నోటుబుక్కులో రాసుకోండి, పటం చూడటం దానంతటదే మొదలవుతుంది.

హెచ్చరిక: ఒకేలా ఉన్న మాట ఒకే అర్థం ఇస్తుందని నమ్మొద్దు. పొద్దున "తిండి ఆయ్తా?" అని అడిగితే టిఫిన్ అయిందా అని. భోజనానికి ఊట అంటారు. అలాగే హ సూత్రం సంస్కృతం మాటలకు పనిచేయదు, హృదయ ఎక్కడికి పోయినా హృదయమే.

పద్నాలుగో రోజు పరీక్ష: ఇంగ్లీషు లేని పది బోర్డులు చదివి ఆటో డ్రైవర్‌కో కూరగాయలమ్మకో చదివి వినిపించండి. ఏడు సరిగ్గా వస్తే చాలు. అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు, కూర్చోబెట్టి మరీ నేర్పుతారు.

ఇంకా ముందుకు పోవాలనుకుంటే బేగూరు నాగేశ్వర గుడికి వెళ్లండి. అక్కడ సుమారు క్రీ.శ. 900 నాటి వీరగల్లు (యుద్ధంలో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) శాసనంలో "బెంగుళూరు" యుద్ధం ప్రస్తావన ఉంది. హొయసళ రాజు వీరబల్లాళుడికి ఒక అవ్వ ఉడికించిన గింజలు పెట్టిందని, అందుకే బెందకాళూరు (ఉడికించిన గింజల ఊరు) అని పేరొచ్చిందని కథ చెబుతారు కదా? ఆ రాజుకన్నా ఈ రాయి దాదాపు మూడువందల ఏళ్లు పెద్దది. పెద్దవాళ్లు చెప్పిన కథను రాయితో సరిచూసుకోవడం నాకు అప్పట్నుంచి అలవాటైంది.

5. నెలకు ఒకసారి ప్రశ్న పట్టుకుని బయటికి వెళ్లండి

ఊరికే చూడటానికి వెళ్తే ఫోటో దిగి వచ్చేస్తాం. ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లండి. పొద్దున పదకొండు తర్వాత బస్సులు, మెట్రో కాస్త ఖాళీగా ఉంటాయి.

లాల్‌బాగ్‌తో మొదలుపెట్టమంటాను, గ్రీన్ లైన్ మెట్రో పక్కనే ఆగుతుంది. హైదర్ అలీ 1760లో వేయించిన తోట అని అందరికీ తెలుసు. కెంపేగౌడ గోపురం నిలబడిన ఆ రాతి గుట్టను మాత్రం చాలామంది ఎక్కి దిగి వచ్చేస్తారు. అది దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి, జాతీయ భూవిజ్ఞాన స్మారకం. దగ్గరగా కూర్చుని చూడండి. లేత బూడిదరంగు, ముదురు బూడిదరంగు గీతలు పక్కపక్కనే మెలికలు తిరుగుతూ పోతుంటాయి, కలిపీ కలపని పిండిలా. లోతున విపరీతమైన వేడికీ ఒత్తిడికీ గురై రాయి అలా సాగి మెలితిరిగింది. పొద్దున్నే అరచెయ్యి ఆనిస్తే చల్లగా ఉంటుంది. వాన పడిన రోజు ఎక్కొద్దు, జారుతుంది.

మిగతావి కాలాన్ని బట్టి. జనవరి మొదట్లో ఒక ఆదివారం కుమారకృప రోడ్డు మీద చిత్రసంతె, వీధంతా చిత్రకారులే. గణతంత్ర దినోత్సవానికి, మళ్లీ ఆగస్టు 15కు లాల్‌బాగ్ పూల ప్రదర్శన. ఏడాదికొకసారి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఓపెన్ డే రోజున ఎవరైనా లోపలికి వెళ్లి ప్రయోగశాలలు చూడొచ్చు. రద్దీ ఎక్కువ, కాళ్లనొప్పులు ఉన్నవాళ్లు పొద్దున్నే వెళ్లి రెండు విభాగాలు చూసి వచ్చేయండి. శ్రీరామనవమికి చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో సంగీత కచేరీలు, 1939 నుంచి జరుగుతున్నాయి. త్యాగరాజ కీర్తన పాడుతుంటే చుట్టూ కూర్చున్నవాళ్లు రాగం వింటారు, మనం మాట కూడా వింటాం. రాగం తెలియదని వెనక్కి తగ్గకండి. కార్తీకంలో చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, వేరుశెనగల జాతర. మా సీమలో పరస అంటామే, ఆ మాటే.

ఫిబ్రవరి నుంచి మే దాకా చెట్లు. గులాబీ, పసుపు రంగు టబెబుయాలు, తర్వాత ఊదా జకరండా, ఆ తర్వాత ఎర్ర తురాయి. ఒకటి రాలేసరికి ఇంకొకటి పూసేలా చెట్లు నాటించిన ఘనత 1908లో లాల్‌బాగ్ బాధ్యతలు తీసుకున్న జర్మన్ ఉద్యానవేత్త క్రుంబిగల్‌కు ఇస్తారు. మీ వీధిలో ఏది ఏ తేదీన మొదటి పువ్వు పూసిందో రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాది పోల్చుకోవచ్చు.

పక్షులకైతే మెర్లిన్ అనే ఉచిత యాప్ కూత విని పేరు చెబుతుంది. అది చెప్పిందని వెంటనే రాసేయకండి, పిట్టను కంటితో చూశాకే రాయండి. అప్పుడప్పుడు తప్పు చెబుతుంది.

6. తెలుసుకున్నది ఒక మనిషికి చెప్పండి, ఒక మనిషిని అడగండి

వారానికి ఒకసారి చాలు. ఊళ్లో ఉన్న అన్నయ్యకో, వదినకో ఫోన్ చేసి ఆ వారం ప్రశ్న చెప్పండి. జబ్బుల ముచ్చట్ల కన్నా ముందు అది చెప్పండి.

అడగడం ఇంకా ముఖ్యం. కొడుకును "ఆఫీసులో పని ఎలా ఉంది" అంటే "బానే ఉంది" అంటాడు, అక్కడితో అయిపోయింది. "నేను ఫోన్‌పేలో డబ్బు పంపితే రెండు సెకన్లలో వెళ్లిపోతుంది కదా నాన్నా, ఆ రెండు సెకన్లలో ఏమేం జరుగుతుంది?" అని అడగండి. మా వాడు ఆ రాత్రి పేపరు మీద డబ్బాలు గీసి గంటసేపు చెప్పాడు. మనవలను అడిగేటప్పుడు పరీక్ష పెట్టినట్టు అడక్కండి. మీకు నిజంగా తెలియనిదే అడగండి, పిల్లలు తేడా పసిగట్టేస్తారు.

7. మూడు నెలలకు ఒకసారి కొన్నిటిని పక్కన పెట్టండి

నోటుబుక్కు చివరి పేజీకి "పక్కన పెట్టినవి" అని పేరు పెట్టండి. వరుసగా మూడు వారాలు ముట్టుకోనిది తేదీ వేసి అక్కడికి మార్చండి. కొట్టేయకండి. నా పేజీలో పదకొండు ఉన్నాయి, నాలుగు మళ్లీ ముందు పేజీలకు వచ్చాయి. వదిలేసే దారి ఉంటేనే కొత్తది పట్టుకోవడానికి భయం ఉండదు.

ఎక్కువమంది చేసే తప్పులు

ముందే కొనేయడం. రిటైరైన నెలలో నేను పన్నెండు వేలు పెట్టి కీబోర్డు కొన్నాను. ఆరు నెలలు దాని మీద గుడ్డ కప్పి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా అపరాధభావం తప్ప ఇంకేమీ కలగలేదు. చివరికి సంగీతం నేర్చుకుంటున్న అమ్మాయికి ఇచ్చేశాం. ఐదువందల హద్దు అందుకే పెట్టాను. మూడు నెలలు నిలిచిన ఆసక్తికే వస్తువు కొనండి. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి, ప్రేమతో పిల్లలే పెద్ద బైనాక్యులర్లు ఆర్డరు పెట్టేస్తారు.

చూడటాన్ని చేయడం అనుకోవడం. యూట్యూబ్‌లో తోటపని వీడియోలు రోజుకు రెండు గంటలు చూసే ఆయనకు బాల్కనీలో ఒక్క కరివేపాకు మొక్క లేదు. ఒక వీడియో చూస్తే అందులోంచి ఒక పని చేసేదాకా రెండోది చూడకండి. వాట్సాప్‌లో వచ్చిన వింతలకూ ఇదే నియమం. ఫార్వర్డ్ చేసేముందు ఒక్కదాన్నైనా సరిచూడండి, అది కూడా ఆ రోజు ప్రశ్నే అవుతుంది.

అడ్వాన్సుగా ఏడాది ఫీజు కట్టించుకునే ఆన్‌లైన్ కోర్సుల్లో చేరడం. నెల నెలా కట్టే వీలుంటేనే చేరండి. సర్టిఫికెట్ మనకు ఎందుకు?

జ్ఞాపకం మీద టెన్షన్ పడటం. పేర్లు గుర్తుండవు. అందుకే నోటుబుక్కు. అదే పిట్ట పేరు నాలుగోసారి వెతికినా పరవాలేదు, ఐదోసారికి ఉంటుంది.

"ఈ వయసులో ఇవెందుకు?" అనే మాటకు ఆగిపోవడం. ఇది ఎక్కువగా ఆడవాళ్లకే ఎదురవుతుంది. వంట అయ్యాక మిగిలిన టైము మాత్రమే మనదని మనమే అనుకుంటాం. నలభై నిమిషాలకు గోడ మీద ఒక సమయం రాసి పెట్టండి. "పదకొండు నుంచి పదకొండు నలభై దాకా అమ్మమ్మ ఉండదు" అని మనవడికి చెబితే వాడే అందరికీ గుర్తు చేస్తాడు.

పనిచేస్తోందో లేదో చూసుకోవడం

నెల తర్వాత: నోటుబుక్కులో కనీసం పదిహేను ప్రశ్నలు ఉండాలి. ముప్పై లేవని దిగులు వద్దు. పదిహేనుకన్నా తక్కువ ఉంటే నోటుబుక్కు ఎక్కడ పెడుతున్నారో చూడండి. బీరువాలో ఉంటే తీసి కిటికీ దగ్గరో డైనింగ్ టేబుల్ మీదో పెట్టండి.

రెండు నెలల తర్వాత మీ అంచనాలు చూడండి. మూడింట ఒకటైనా తప్పై ఉండాలి. అన్నీ సరైనవే అయితే మీకు ముందే తెలిసినవే అడుగుతున్నారన్నమాట. ప్రశ్నల సైజు కూడా చూడండి. "చెట్లు ఎందుకు పూస్తాయి?" నుంచి "మన గేటు దగ్గర చెట్టు, పార్కులో చెట్టుకన్నా వారం ముందు ఎందుకు పూసింది?" దాకా వచ్చి ఉంటే పని బాగా జరుగుతోంది.

మూడు నెలలు గడిచినా ఏ ప్రశ్నా మిమ్మల్ని కుర్చీలోంచి లేపకపోతే, ముందు చెప్పిన కళ్లు, చెవులు, మనసు దగ్గరికి మళ్లీ వెళ్లండి.

ఇంకో పరీక్ష ఉంది, దీన్ని మనం పెట్టుకోలేం, దానంతటదే రావాలి. మా చెల్లెలు మొన్న మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఆరోగ్యం అడగలేదు, పిల్లలను అడగలేదు. "అక్కా, చింతపండు ముందే వేస్తే పప్పు ఇంకా ఆలస్యం అవుతోంది, రెండుసార్లు చూశాను, నువ్వూ ఒకసారి పెట్టి చూడు" అంది.